వానపాములు దిగని మట్టి

సినిమా హాల్లో మీరు వినే అడుగుల చప్పుళ్ళలో కొన్ని నావి. హీరోయిన్ మెట్లు దిగుతుంటే, విలన్ కంకర మీద నడిచి వస్తుంటే వినిపించే చప్పుడు చాలాసార్లు షూటింగ్‌లో పట్టుకున్నది కాదు. తర్వాత ఎప్పుడో, తలుపులు మూసిన గదిలో, తెర మీద బొమ్మను చూస్తూ ఎవరో ఒకరు ఆ నడకంతా మళ్ళీ నడుస్తారు. ఆ పనిని మా దగ్గర ఫోలీ అంటారు. నేను ఏళ్ళ తరబడి చేస్తున్న పని అదే. ఎవరెవరి కాళ్ళతోనో నడిచాను. వాళ్ళలో ఎవరికీ నా మొహం తెలియదు.

జూబ్లీహిల్స్ గుట్ట మీంచి ఫిల్మ్ నగర్ వైపు రోడ్డు దిగే వాలులో, ఒక రెండంతస్తుల ఇంటి కింది భాగం కిరాయికి తీసుకుని నా గది చేసుకున్నాను. ఉన్న రెండు కిటికీలూ బయటి చప్పుడు రాకుండా మూయించేశాను. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోకపోతే చెయ్యి కనపడదు. నేలలో వరసగా తొట్లు కట్టించాను. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఎండుటాకులు, చివరిదాంట్లో మట్టి.

పై భాగంలో ఓనరమ్మ ఉండేవారు. ఆవిడది కృష్ణా జిల్లా. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలి వస్తున్న రోజుల్లో భర్తతో పాటు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి చాలా కాలమైంది. నేను ఆవిడను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అని పిలిచేవారు. పిలిస్తే వీధి చివరిదాకా వినపడేది.

ఇంటి వెనక ఖాళీ జాగాలో ఒక కరివేపాకు చెట్టు ఉండేది. చెట్టంటే చెట్టే. మేడ మీది పిట్టగోడను దాటి పోయింది. ముదురు పచ్చని ఆకులు, ఒక్కో రెమ్మ చేయంత పొడవు. దాని కింద ఇంకేమీ మొలిచేది కాదు. ఆంటీ తులసి పెడితే ఎండిపోయింది, కనకాంబరం పెడితే ఎండిపోయింది, చివరికి గడ్డి కూడా రాలేదు. చెట్టు నీడకు అలా అవుతుందని అనుకునేవాళ్ళం. చెట్టు మీద మాత్రం ఒక్క ఆకుకు చిల్లు ఉండేది కాదు. కరివేపాకును తినే పచ్చ గొంగళిపురుగులు ఊరంతా ఉంటాయి గానీ దీని మీద ఎప్పుడూ కనపడలేదు. "మన చెట్టుకి పురుగు పట్టదమ్మాయ్, మందు కొట్టే పనే లేదు," అని ఆంటీ వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఏటా ఆ ఆకు వేయించి కారప్పొడి చేసి నాకూ ఒక సీసా ఇచ్చేవారు.

వీధి మలుపులో టిఫిన్ బండి పెట్టే ఆమె రోజూ తెల్లవారగానే ఆ చెట్టు దగ్గరికి వచ్చేది. ఆమెది బోరబండ. ఒక పెద్ద కొమ్మ తుంచుకుని పోయి, తర్వాత ఆంటీకి వేడివేడి ఉప్మా పొట్లం పంపేది. ఆ ఉప్మా కోసం, ఆ చట్నీ కోసం డబ్బింగ్ వాళ్ళు, ఎడిటింగ్ వాళ్ళు, కారు డ్రైవర్లు ఆగేవాళ్ళు. నేనూ అక్కడే తినేదాన్ని.

ఒక సినిమాకు పని చేస్తున్నప్పుడు ఇదంతా మొదలైంది. అందులో ఒక ఆడమనిషి చెప్పుల్లేకుండా తడి పొలంలో చాలాసేపు నడుస్తుంది. తొట్టిలో ఉన్న మట్టి పాతబడి పొడైపోయిందని, ఇంటి వెనక చెట్టు మొదట్లో తవ్వి కొత్త మట్టి తెచ్చి నింపుకున్నాను. నీళ్ళు పోసి కాలు పెట్టాను. చప్పుడు వేరుగా వచ్చింది. తడి మట్టిలో కాలు దిగితే ఒక చప్పుడు, తీస్తే ఇంకో చప్పుడు ఉంటుంది. లోపల గాలి ఉంటుంది, బొరియలుంటాయి, అవి కూలుతుంటాయి. ఈ మట్టిలో కాలు దిగినప్పుడు చప్పగా ఒక దెబ్బ, తీసినప్పుడు ఏమీ లేదు. పనికి రాదేమో అనుకున్నాను. డైరెక్టరు మాత్రం విని కళ్ళు మూసుకున్నాడు. "ఇదే కావాలండీ. ఆమె ఎక్కడికో వెళ్ళకూడని చోటికి వెళ్తున్నట్టుంది," అన్నాడు. ఇక నెలకు పైగా ఆ మట్టిలోనే నడిచాను.

పని పూర్తి కావస్తుండగా నా అరికాళ్ళు పగలడం మొదలైంది. వేళ్ళ సందుల్లో తోలు పొరలు పొరలుగా లేచింది. దురద ఎంత ఉండేదంటే కూర్చున్న చోట కూర్చోలేకపోయేదాన్ని. చర్మం డాక్టరు చూసి, "మీరేమైనా బిల్డింగ్ కన్‌స్ట్రక్షన్‌లో చేస్తారా?" అని అడిగాడు. లేదన్నాను. "సిమెంటులో చేసేవాళ్ళకి ఇలా వస్తుంది. మీరు తాకేది ఏదో మీకు పడట్లేదు. అదేంటో కనుక్కోండి," అన్నాడు.

మా అక్క వెంగళరావు నగర్‌లో ఉంటుంది. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తుంది. నా కాళ్ళు చూడడానికని వచ్చి, కాళ్ళు చూసి, తర్వాత నేను ఏమేం తాకుతానో చూపించమంది. తొట్ల వెంబడి ఒక్కోటీ చూస్తూ వచ్చి మట్టి తొట్టి దగ్గర కూర్చుంది. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"ఇది యాడిదే?" అంది.

"ఎనక చెట్టు కాడిది. ఏమైందక్కా?"

"నువ్వే చూడు."

వాసన చూశాను. తడిసిన మట్టి గదా, ఏదో ఒక వాసన వస్తుందనుకున్నాను. ఏ వాసనా రాలేదు. ఖాళీ గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకున్నట్టుంది. అంతకాలం దానిలో నడుస్తూ నేను ఆ సంగతి గమనించనే లేదు.

"మట్టి వాసన మట్టిది కాదే," అంది అక్క. "అందుల బతికేటివి ఉంటయి గదా, కంటికి కూడా కనపడవు, ఆ వాసన వాటిది. ఇందుల ఎవ్వరు లేరు."

చెట్టు దగ్గరికి పోయి చిన్న పారతో నాలుగు చోట్ల తవ్వింది. చీమ లేదు, జెర్రి లేదు, తెల్ల పురుగు లేదు, వానపాము లేదు. తవ్విన చోట మట్టి అంచులు కత్తితో కోసినట్టు నున్నగా నిలబడ్డాయి. ఆకులు రాలి ఉన్నాయి గానీ ఒక్కటీ కుళ్ళలేదు. ఎప్పుడెప్పుడివో, రంగు మాత్రం పోయి, కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అక్క వాటిని కాసేపు చూసి, "రేపు నా ఎర్రలను తెస్త," అంది.

వానపాములను మా వైపు ఎర్రలంటాం. అక్క బాల్కనీలో రెండు డబ్బాల నిండా పెంచుతుంది. కూరగాయల తొక్కలు వేస్తుంది, కాలేజీ పిల్లలకు వాటితోనే పాఠం చెప్తుంది. మర్నాడు వాటిలో కొన్నింటిని తడి గుడ్డలో చుట్టి తెచ్చింది. మిఠాయి కొట్టువాళ్ళు ఇచ్చే పొడుగాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి, ఒక పక్క తన బాల్కనీ మట్టి, ఇంకో పక్క మా పెరటి మట్టి నింపింది. రెండూ ఒకే తడి, ఒకే ఎత్తు. అట్ట తీసేసి, రెండు రకాల మట్టి కలిసే గీత మీద ఎర్రలను వరసగా పరిచింది. మూతకు సూదితో చిల్లులు పొడిచి మూసింది.

"మనకు భాష ఉన్నది, మిషన్లున్నయి. వాటికి తోలే ముక్కు, తోలే నాలుక. ఒంటితోటే రుచి చూస్తయి. రెండు దినాలు వదిలేద్దాం. నచ్చిన తావుకు అవే పోతయి."

నా గది చీకటిగా, చల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది కాబట్టి అక్కడే పెట్టింది.

రెండు రోజుల తర్వాత అక్క వచ్చి, మధ్యలో మళ్ళీ అట్ట దించి, ఒక్కో పక్కా పాత పేపరు మీద ఒంపింది. తన మట్టిలో ఎర్రలన్నీ గుంపుగా ఉన్నాయి. మా మట్టిలో ఒక్కటీ లేదు. అక్క డబ్బాను మళ్ళీ నింపి, ఈసారి పక్కలు మార్చి, అటు తిప్పి పెట్టింది. మళ్ళీ అదే. తర్వాత రెండు పక్కలా మంచి మట్టే వేసి చూసింది. అప్పుడు ఎర్రలు అక్కడ కొన్ని, ఇక్కడ కొన్ని, ఇష్టం వచ్చినట్టు తిరిగాయి. తప్పు ఎర్రలది కాదు, డబ్బాది కాదు.

ఆ తర్వాత అక్క రెండు డబ్బాలు సర్దింది. ఒకటి మొత్తం మంచి మట్టి. ఇంకోటి మొత్తం మా మట్టి. పారిపోవడానికి చోటు లేకపోతే ఏం చేస్తాయో చూడాలంది. వాటిని వదిలి ఆమె కాలేజీకి పోయింది. ఆ మధ్యాహ్నం నాకు పని లేదు. నా దగ్గర ఒక రకం మైకు ఉంటుంది. బిళ్ళంత ఉంటుంది, గాలిలో చప్పుడు వినదు, దేనికి అంటిస్తే దాని లోపలి అదురు వింటుంది. తలుపు లోపల చెదలు తినే చప్పుడు కూడా దానితో పట్టొచ్చు. ఎందుకో బుద్ధి పుట్టి దాన్ని మంచి మట్టి డబ్బాకు అంటించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

డబ్బా నిండా అలికిడి. చిటపటలు, రాపిడి, ఎవరో పల్చని కాగితాన్ని నిదానంగా నలుపుతున్నట్టు. వినడానికి హాయిగానే ఉంది. తర్వాత రెండో డబ్బాకు అంటించాను. నిశ్శబ్దం. మైకు పాడైందేమోనని వేలితో డబ్బాను తట్టి చూశాను, బాగానే ఉంది. చాలాసేపు విన్నాను. నా పనిలో నిశ్శబ్దం కూడా చాలా రకాలు వింటాను. ఖాళీ గదికి కూడా ఒక ఊపిరి ఉంటుంది. దీనికి అది కూడా లేదు.

అప్పుడు మెల్లగా ఒక తట్టు వినిపించింది. ఆగి, ఇంకోటి. ఇంకో వైపు నుంచి ఇంకోటి. చాలా మెత్తగా, వేలి కొసతో తట్టినట్టు. వైరు కదులుతోందని వైరు పట్టుకున్నాను. తట్టుడు ఆగలేదు. దగ్గర దగ్గరగా వచ్చింది. లైటు దగ్గరికి జరిపి డబ్బాను చూశాను. ఒక్క ఎర్ర కూడా మట్టిలోకి దిగలేదు. కొన్ని మధ్యలో ఒకదాన్ని ఒకటి చుట్టుకుని ముద్దగా పడి ఉన్నాయి. మిగతావి ప్లాస్టిక్ గోడ పట్టుకుని పైకి పాకి, తలలతో మూతను తాకుతున్నాయి. సూదితో పొడిచిన ఒక చిల్లులోంచి దారమంత సన్నగా ఒకదాని ముక్కు బయటికి వచ్చి, గాలిలో అటూ ఇటూ తిరుగుతోంది.

హెడ్‌ఫోన్లు తీసేసినా నాకు ఆ తట్టుడు వినిపిస్తూనే ఉంది. అక్కకు ఫోన్ చేశాను.

"మూత తియ్యి," అంది. "ఇగ చాలు. మంచి మట్టిలకు మార్చు, నేనొస్తున్న."

మార్చాను. కొన్ని బతికాయి. కొన్నింటికి ఒళ్ళు అక్కడక్కడా నొక్కేసినట్టు సన్నబడి, అక్కడక్కడా ఉబ్బింది. అవి మర్నాటికి పోయాయి. ఆ రికార్డింగు నా దగ్గర ఉంది. మళ్ళీ వినలేదు.

అక్క, నేను మెట్లెక్కి ఆంటీ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కాఫీ కలుపుతూ అంతా విన్నారు.

"వానపాములు లేకపోతే ఏమవుతుందమ్మా? నాకసలు వాటిని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. చెట్టు అంత పచ్చగా ఉంది కదా," అన్నారు.

"ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండేది ఆంటీ?" అని అడిగింది అక్క.

"ఏముంది, మా వారి ల్యాబే. రేకుల షెడ్డు. సినిమా తీసిన ఫిల్ము ఇక్కడికి తెచ్చేవారు, కడిగి బొమ్మ వచ్చేట్టు చేసేవారు. పెద్ద ల్యాబులకి పోలేని చిన్న సినిమాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఫిల్మే పోయింది. షెడ్డు పీకేసి ఇల్లు వేసుకున్నాం."

"కడిగిన నీళ్ళు ఎటు పోయేటివి?"

"ఎటు పోతాయి? వెనక గుంత ఉండేది, అందులోకే." ఆవిడ గ్లాసులు మా ముందు పెట్టి, గుర్తు చేసుకుంటూ చెప్పారు. "రంగు రంగుగా ఉండేవి ఆ నీళ్ళు. ఒకరోజు పసుపు, ఒకరోజు నారింజ. ఎండ పడితే చూడడానికి బాగుండేది. ఆయన గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి, ఎంత రుద్దినా పోయేది కాదు. అన్నం కలిపేటప్పుడు నాకు అదోలా ఉండేది. అక్కడేమీ నాటొద్దే అనేవారు. ఎందుకో చెప్పలేదు. ఆయన కిడ్నీలు పాడై చనిపోయిన సంవత్సరం, వెనక బోసిగా ఉందని ఆ కరివేప మొక్క తెచ్చి నేనే పెట్టాను."

అక్క నా వైపు చూడలేదు. "ఆ నీళ్ళల్ల మందులు ఇంకా మట్టిలనే ఉన్నట్టున్నయి ఆంటీ, అందుకే ఎర్రలు దిగుతలేవు," అంది.

"నాకు చూపించు," అన్నారు ఆంటీ.

కింద నా గదిలో కుర్చీ వేశాం. అక్క ఒక తెల్లని పళ్ళెంలో రెండు రకాల మట్టినీ పల్చగా, పక్కపక్కన పరిచింది. ఒక ఎర్రను మంచి మట్టి మీద వదిలింది. అది ఒళ్ళు సాగదీసుకుంటూ, ముడుచుకుంటూ గీత దాకా వచ్చింది. ముక్కు కొసతో అవతలి మట్టిని తాకింది. చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. కాస్త పక్కకు జరిగి ఇంకో చోట తాకింది. మళ్ళీ లాక్కుంది. అలా గీత పొడుగునా ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తాకుతూ పోయి, ఎక్కడా దాటకుండా, వచ్చిన దారినే తిరిగిపోయింది. ఆంటీ కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కన్నార్పకుండా చూశారు. ఇంకోటి వదలమన్నారు. అది కూడా అంతే చేసింది. ఆవిడ లేచి, పైకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున తలుపు కొట్టారు. "నీకిచ్చిన కారప్పొడి ఇంకా ఉందా? ఉంటే ఇటివ్వు," అన్నారు. సగం సీసా ఉంది. తీసుకుని కొంగు కింద పెట్టుకుని వెళ్ళారు.

అక్క కొంచెం మట్టి, కొన్ని ఆకులు తనకు తెలిసినవాళ్ళ ద్వారా పరీక్షకు పంపించింది. ఈలోగా లోపల ఎంత దాకా ఉందో చూద్దామని రహమత్ నగర్ నుంచి ఒకతన్ని పిలిపించి చెట్టు పక్కన తవ్వించాం. మోకాలి లోతు పోయాక మట్టి రంగు మారింది. బూడిద రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఇనుప తుప్పు రంగు, పొరలు పొరలుగా. ఆ పొరల మధ్య గడ్డపారకు ఏదో ఉండ తగిలింది. తీసి కడిగితే ఫిల్ము చుట్ట. ఎప్పుడో పనికిరాదని గుంతలోకి విసిరేసి ఉంటారు. దాని మీద బొమ్మలేమీ మిగల్లేదు, అద్దంలా తేటగా ఉంది. కానీ అంచుల్లో వరసగా ఉండే చదరపు చిల్లుల్లోంచి కరివేప వేళ్ళు దూరి ఉన్నాయి. ఒక్కో చిల్లులో ఒక్కో వేరు, కుట్టుకున్నట్టు, చుట్ట పొడుగునా. విడదీయడానికి చూస్తే రాలేదు. ఆంటీ ఒక ముక్కను ఎండకు ఎత్తి పట్టుకుని చూశారు. "ఇది ఏ సినిమాదో," అన్నారు. తవ్వడానికి వచ్చినతను గుంతలోంచి పైకి వచ్చి, చేతులు కడుక్కుంటానని సబ్బు అడిగాడు. రెండుసార్లు కడుక్కున్నాడు. మళ్ళీ దిగనన్నాడు.

పరీక్ష ఫలితం వచ్చింది. మట్టిలో ఉండకూడని లోహాలు ఉండకూడనంత ఉన్నాయి. ఆకుల్లో కొంచెమే ఉన్నాయి, కానీ అది కూడా మామూలు కంటే ఎక్కువే. అది తిన్నవాళ్ళకు ఏమవుతుందో, ఏమీ కాదో దాంట్లో రాసి లేదు.

టిఫిన్ బండి ఆమెకు మేమే చెప్పాలి. మర్నాడు తెల్లవారుతుండగా ఆమె వచ్చేసరికి ముగ్గురం చెట్టు కింద నిలబడి ఉన్నాం. మేము నోరు విప్పేలోపే ఆమె కొమ్మ తుంచింది. అక్క నిదానంగా, అర్థమయ్యేట్టు చెప్పింది. ఆమె విన్నంతసేపూ ఆ కొమ్మను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"గిన్నేండ్ల సంది గీ కల్యామాకే ఏస్తున్న," అంది. "ఒక్క పురుగు లేదని మురిసిన. అంగట్ల కొన్నదైతే మందులు కొడ్తరు, మనది మంచిదని అందరికి చెప్పుకున్న."

"నేను మాత్రం చెప్పుకోలేదా," అన్నారు ఆంటీ మెల్లగా. "నాకూ తెలియదే తల్లీ."

"నీకేం ఎర్కమ్మా, నాకేం ఎర్క." ఆమె అక్క వైపు తిరిగింది. "మా పిల్లలు దీని మీదనే పెరిగిండ్రు మేడం. ఏమన్న అయితదా?"

అక్క ఆమెకు దగ్గరగా జరిగింది. "నేను చెప్పలేనమ్మా. ఎర్రలు ఎందుకు పోతలేవో అంతవరకే చెప్పగలుగుత. పిల్లలకు ఒకసారి రక్తం చూపిద్దాం, నేను వెంటొస్త."

ఆమె కొమ్మను చెట్టు మొదట్లో ఆనించి పెట్టింది, కింద పడేయలేదు. తర్వాతి వారం అక్క నిజంగానే వెంట వెళ్ళింది. పిల్లల రిపోర్టుల్లో ఏమీ తేలలేదు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూపించమన్నారు.

మట్టి ఏం చెయ్యాలన్నది తర్వాతి గొడవ. తవ్వి పారబోయిద్దామన్నారు ఆంటీ. లారీ అతన్ని పిలిస్తే సంతోషంగా వచ్చాడు. ఎక్కడ పోస్తావని అక్క అడిగింది.

"ఫిల్లింగుకు పోతది మేడం. లేకుంటే నర్సరీలోళ్ళు తీస్కుంటరు, కుండీలల్ల పోస్తరు. మట్టికేం, మస్తు గిరాకీ ఉన్నది."

అతన్ని పంపించేశాం. అక్క కాలుష్య శాఖకు దరఖాస్తు పెడితే వాళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, సీసాలో మట్టి తీసుకుని, ఫోటోలు తీసుకుని, ఏదైనా చెప్పేదాకా కదిలించొద్దని చెప్పి వెళ్ళాడు. అందుకని చెట్టు కొట్టించి, కొమ్మలు కూడా ఆ గుంతలోనే వేసి, నా తొట్టిలోని మట్టి కూడా తెచ్చి అందులోనే పోసి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన సిమెంటు చేయించాం. చెట్టు కొడుతున్నప్పుడు ఆంటీ కిందికి రాలేదు. నరికిన మోడులోంచి కరివేపాకు వాసన వీధంతా కొట్టింది. నాలుగైదు రోజులు పోలేదు.

బండి ఆమె ఇప్పుడు అంగట్లోంచి తెచ్చుకుంటోంది. ఎప్పుడూ వచ్చే డ్రైవర్లు అడుగుతున్నారట, చట్నీ ఎందుకు మునుపటి లెక్క లేదని. ఆ రుచి ఎటు పోయిందని. ఆమె నవ్వి, ఇంకో గరిటె చట్నీ వేస్తోంది.

నా కాళ్ళు మానాయి. ఆ సినిమా విడుదలయ్యాక హాల్లో చూశాను. ఆమె తడి పొలంలో నడిచే చోట నా ముందు వరసలో ఒకమ్మాయి కాళ్ళు పైకి తీసుకుని సీట్లో ముడుచుకుని కూర్చుంది. అది చూసి నేను లేచి బయటికి వచ్చేశాను.

వానలు మొదలయ్యాయి. మొదటి పెద్ద వానకు గుట్ట మీంచి నీళ్ళు మా వీధిలో కాలువలా పారాయి. మర్నాడు పొద్దున నేను గదికి వస్తుంటే, మా ఇంటికి దిగువన, మూడు నాలుగు ఇళ్ళ అవతల, రోడ్డు మీద ఏదో మెరుస్తూ కనపడింది. దగ్గరికి పోతే ఎర్రలు. ఒక పొడవాటి ప్రహరీ గోడ కింది సందుల్లోంచి వందల కొద్దీ బయటికి వచ్చి, తారు రోడ్డు దాటుతున్నాయి. కార్ల కింద నలుగుతున్నాయి, అయినా ఆగడం లేదు. అక్కకు ఫోటో పంపాను. గంటలో వచ్చింది.

"వాన పడితె ఎర్రలు బయటికొస్తయి, అందుల వింతేం లేదు," అంటూ వీధి పొడుగునా చూసింది. "కాని ఎదురింటి గోడ కాడ లేవు. పైన లేవు. ఈ ఒక్క గోడ కాడనే ఎందుకు?"

గొడుగు వేసుకుని ఆంటీ కూడా దిగి వచ్చారు. రోడ్డు మీది ఎర్రలను తొక్కకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచారు. ఆ ఇంట్లోవాళ్ళు ఎవరో నాకు తెలియదు. పెద్ద గేటు, లోపల పచ్చని లాను. మేము ఆలోచిస్తుండగానే ఆవిడ బెల్లు కొట్టారు. వాచ్‌మన్ చిన్న తలుపు తీశాడు.

"మేం పై ఇంటివాళ్ళం బాబూ. మీ తోటలో మట్టి కొంచెం కావాలి. అమ్మగారితో ఒక మాట చెప్తావా?"

"మట్టా? ఎందుకమ్మా?"

"మీ తోటలో వానపాములు ఉంటాయా?"

అతను ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి లాను వైపు చూశాడు. "ఏడ ఉంటయమ్మా. మాలి సంచులు సంచులు తెచ్చి వదుల్తడు, మొన్న గూడ తెచ్చిండు. నాల్గు దినాలకు ఒక్కటి కనపడది. ఏడికి పోతున్నయో అని ఆయన పరేషాన్ అయితడు."

ఆ ఇంటావిడ బయటికి వచ్చి, ఆంటీని గుర్తుపట్టి, కావలసినంత తీసుకోమన్నారు. అక్క లానులో గోడ పక్కగా, మా ఇంటి వైపు మూలలో తవ్వి ఒక సంచి నింపుకుంది. నా గదిలో మళ్ళీ డబ్బా సర్దాం. ఒక పక్క బాల్కనీ మట్టి, ఒక పక్క వాళ్ళది.

రెండు రోజుల తర్వాత అక్క వచ్చేసరికి ఆంటీ అప్పటికే కిందికి వచ్చి, డబ్బా ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మూత ముట్టుకోలేదు. అక్క అట్ట దించి, పేపర్ల మీద ఒంపింది. చాలా వరకు బాల్కనీ మట్టిలోనే ఉన్నాయి. వాళ్ళ మట్టిలో కొన్ని ఉన్నాయి. అవి కూడా అడుగున, గీతకు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి.

"అంటే?" అన్నాను.

"ఇంకా పూరాగ పోలేదన్నట్టు," అంది అక్క. మట్టిని వేళ్ళతో పలచగా పరుస్తూ, తల ఎత్తకుండా అంది, "వస్తున్నది. మన గుంతలకెల్లి ఇంకా దిగుతున్నది."

ఆంటీ లేచి తలుపు దగ్గరికి పోయి, గోడ పట్టుకుని చెప్పులు వేసుకున్నారు.

"దాని దిగువ ఇల్లు నాకు తెలిసినవాళ్ళదే," అన్నారు. "సంచి తీసుకోండి, పోదాం."